చైనాకు ఇంగ్లీషు నేర్పిన పల్లెటూరి పిల్లవాడు - లిన్ యూటాంగ్



మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు వేసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, మహాత్మా ఫూలే గురించి, జాషువా కవి గురించి ఎన్నిసార్లు రాసినా ఇంకా రాయాల్సింది మిగిలే ఉంటుంది. ఈసారి మాత్రం మనలో చాలామంది పేరు కూడా వినని ఒక చైనా ఆయన జీవితం రాస్తున్నాను. దానికి కారణం ఉంది. హాస్టల్లో ఏ తరగతి పిల్లవాడిని అడిగినా లెక్కల తర్వాత భయపడేది ఇంగ్లీషుకే. ఇంగ్లీషులో భయం ఎక్కడుందని ఇంకాస్త గుచ్చి అడిగితే, తిరిగి తిరిగి క్రియాపదం దగ్గరికే వస్తాడు. 'గో, వెంట్, గాన్' అని మూడు రూపాలూ గడగడా అప్పజెబుతాడు. వాక్యంలో పెట్టమంటే నేల చూస్తాడు. ఇది మన ఒక్కరి కష్టం కాదు. సరిగ్గా ఇదే కష్టం కోట్లాది చైనా పిల్లలకూ ఉంది. వాళ్ల కోసం కూర్చుని, వాళ్ల భాషలోంచి ఇంగ్లీషులోకి దారి వేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు లిన్ యూటాంగ్.

అన్నట్టు, ఇందులో 'లిన్' ఇంటిపేరు. చైనావాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు.

ఆయన పుట్టింది 1895 అక్టోబరు 10న. ఊరు దక్షిణ చైనాలో, ఫూజియన్ రాష్ట్రంలో, కొండల మధ్య ఉన్న బాన్‌జై. తండ్రి ఆ ఊరి చర్చిలో పాస్టరు. పాస్టరుగారంటే కలిగిన కుటుంబం అనుకునేరు. ఆ తండ్రి చిన్నతనంలో కావడి భుజాన వేసుకుని మిఠాయిలు, బియ్యం, వెదురు మొలకలు అమ్మినవాడు. బడికి పోయే వీలు లేక తనంతట తాను అక్షరాలు నేర్చుకున్నాడు. ఎనిమిది మంది సంతానం, ఆరుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. జీతం అంతంతమాత్రం. అయినా ఆయనకు ఒక పిచ్చి ఉండేది. మిషనరీల పత్రికలు తెప్పించుకుని పడమటి దేశాల విశ్వవిద్యాలయాల గురించి చదివి, రాత్రిపూట దీపం దగ్గర పిల్లలకు ఆక్స్‌ఫర్డ్ గురించీ బెర్లిన్ గురించీ చెప్పేవాడు. అవి ఎక్కడున్నాయో ఆ పల్లెలో ఎవరికీ తెలియదు. పోయే దారీ లేదు. అయినా చెప్పేవాడు.

యూటాంగ్ పదేళ్ల వయసులో ఇల్లు వదిలాడు. పడవ మీద ఏటి వెంట రోజుల తరబడి ప్రయాణం చేసి, షామెన్ రేవుకు ఎదురుగా ఉన్న గులాంగ్‌యూ అనే చిన్న దీవిలో మిషన్ బడిలో చేరాడు. తర్వాత చదివిన హైస్కూలు కూడా మిషన్ వాళ్లదే. ఫీజు లేదు, భోజనానికి కూడా డబ్బు అడగలేదు. ఆ సౌకర్యమే లేకపోతే ఈ వ్యాసమే లేదు. చిన్న వయసులో ట్రంకుపెట్టెతో హాస్టలుకు వచ్చిన మనకు ఆ పడవ ప్రయాణం ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ రెండో అక్క గురించి ఆగి చెప్పాలి. ఆమె పేరు మేయ్‌గోంగ్. తమ్ముడికంటే నాలుగేళ్లు పెద్ద. ఇంటిపని చేస్తూనే తమ్ముడిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించేది. ఇద్దరూ కలిసి చైనీసులోకి వచ్చిన విదేశీ నవలలు చదివేవారు. అంతటితో ఆగక తామే ఒక డిటెక్టివ్ కథ అల్లుకుని రోజుకో భాగం చొప్పున అమ్మకు చెప్పేవారు. తెలివైన పిల్ల. కాలేజీ చదువు చదవాలని ఆమెకు గట్టి కోరిక. ఆ ఇంట్లో మగపిల్లల చదువుకే డబ్బు లేదు. ఒక కొడుకును షాంఘై పంపడానికి తండ్రి పట్నంలో తమకున్న ఇల్లు అమ్ముకున్నాడు. ఆడపిల్లకు అంత ఖర్చు పెట్టే మాట ఎక్కడ? పెళ్లి సంబంధం వచ్చిందని తల్లి గదిలోకి వస్తే మేయ్‌గోంగ్ నూనె దీపం ఊదేసి మాట తప్పించేది. అలా కొన్నేళ్లు నెట్టుకొచ్చింది. ఇరవై దాటాక ఇక ఆమె వల్ల కాలేదు.

యూటాంగ్‌కు షాంఘైలోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. తండ్రి తన పాత శిష్యుడొకరి దగ్గర అప్పు చేసి డబ్బు సమకూర్చాడు. తమ్ముడు షాంఘై బయల్దేరిన పడవలోనే అక్క పెళ్లికి బయల్దేరింది. దారిలో ఉన్న ఊళ్లోనే పెళ్లి. ఆ రోజు పొద్దున ఆమె తమ్ముడిని పక్కకు పిలిచి, పెళ్లిబట్టల జేబులోంచి నలభై సెంట్ల చిల్లర తీసి చేతిలో పెట్టింది. నువ్వు చదువుకోబోతున్నావు, నేను ఆడపిల్లను గనుక పోలేకపోయాను, ఈ అవకాశం పాడుచేసుకోకు, మంచివాడివై పదిమందికి పనికొచ్చేవాడివి కావాలి అన్న అర్థంలో చెప్పింది. ఆ మరుసటి ఏడాదే ప్లేగు వచ్చి ఆమె చనిపోయింది. అప్పటికి ఎనిమిదో నెల గర్భిణి. ఎనభయ్యేళ్ల వయసులో రాసుకున్న జ్ఞాపకాల్లో కూడా ఆయన ఆ నలభై సెంట్ల సంగతి మరచిపోలేదు. తన చదువులో సగం అక్కదేనన్న భావం ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

సెయింట్ జాన్స్‌లో బోధన అంతా ఇంగ్లీషులోనే. యూటాంగ్ అక్కడ ఇంగ్లీషును నీళ్లలా తాగాడు. రెండో సంవత్సరంలో ఒక బహుమతి ప్రదానోత్సవంలో ఒకే సాయంత్రం నాలుగుసార్లు వేదిక ఎక్కాడట. 1916లో డిగ్రీ పూర్తిచేసి పెకింగ్ నగరంలో సింఘువా కళాశాలలో ఇంగ్లీషు మాస్టరుగా చేరాడు. అక్కడ ఆయనకు పెద్ద సిగ్గు ఎదురైంది. భర్త కోసం ఏడ్చి ఏడ్చి తన కన్నీళ్లతో చైనా మహాకుడ్యాన్నే కూల్చిన మెంగ్ జియాంగ్ అనే ఇల్లాలి కథ చైనాలో పసిపిల్లలకు కూడా తెలుసు. బైబిల్లో బూరలు ఊదగానే కూలిన యెరికో గోడల సంగతి తెలిసిన ఈ యువకుడికి తన దేశపు గోడ కథ తెలియదు! మిషన్ బడుల్లో జానపద నాటకాలు చూడనివ్వలేదు, పాత సాహిత్యం చదివించలేదు. తన్ను మోసం చేశారని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంతో కూర్చోలేదు. పాత పుస్తకాల అంగళ్ల వీధికి పోయి, దుకాణదారులతో కబుర్లాడుతూ ఏ పుస్తకం ఏమిటో తెలుసుకుని, సొంత భాషను మొదటినుంచీ నేర్చుకున్నాడు. ఇంగ్లీషు మాస్టరు సొంత భాష కోసం చిన్న బడి పిల్లవాడైపోయాడన్నమాట. ఆయన తర్వాత చేసిన పనంతటికీ పునాది ఇక్కడే పడిందని నా అభిప్రాయం. రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చూడగలిగినవాడికే ఒకదానిలోంచి మరొకదానిలోకి పోయేటప్పుడు పిల్లవాడి కాలు ఎక్కడ జారుతుందో కనబడుతుంది.

1919లో పెళ్లి. అమ్మాయి లియావ్ త్సుయ్‌ఫెంగ్, గులాంగ్‌యూలో డబ్బున్న వర్తకుడి కూతురు. వరుడు పేదవాడని వాళ్లమ్మ సందేహిస్తే, పేదరికం తనకు లెక్కలేదని ఆ అమ్మాయే తేల్చి చెప్పింది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి పెళ్లి సర్టిఫికెట్టు తగలబెట్టేశారు. విడాకులకు తప్ప దేనికీ పనికిరాని కాగితమని వాళ్ల లెక్క. ఆ కాపురం యాభై ఏడేళ్లు సాగింది.

అదే ఏడాది సగం స్కాలర్‌షిప్పు మీద అమెరికాలో హార్వర్డ్‌కు పోయారు. నెలకు 40 డాలర్లు. భార్యకు ఆపరేషన్ అయింది, అంతలో ఆ స్కాలర్‌షిప్పు కూడా ఆగిపోయింది. స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే ఏమవుతుందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పాలా! చేతిలో డబ్బు లేక ఫ్రాన్స్‌కు పోయి, లె క్రూజో అనే ఊళ్లో చైనా కూలీలకు చదువు చెప్పే పనిలో కుదిరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 1,40,000 మంది చైనా కూలీలను ఇంగ్లండు, ఫ్రాన్స్ దేశాలు కందకాలు తవ్వడానికీ, బరువులు మోయడానికీ తీసుకుపోయాయి. యుద్ధం అయిపోయాక ఇంకా అక్కడే మిగిలినవాళ్లలో చాలామందికి ఇంటికి ఉత్తరం రాసుకోవడం కూడా రాదు. వాళ్లకు అక్షరాలు నేర్పే పుస్తకం తయారుచేసే పనిలో యూటాంగ్ చేరాడు. అక్కడ మిగుల్చుకున్న డబ్బుతో జర్మనీ పోయాడు. జర్మనీ డబ్బు విలువ అప్పుడు పడిపోతూ ఉంది గనుక పరాయి దేశపు డబ్బు చేతిలో ఉన్నవాళ్లకు బతకడం చౌక. 1922లో హార్వర్డ్ ఎం.ఏ., 1923లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం నుంచి భాషాశాస్త్రంలో డాక్టరేటు. ప్రాచీన చైనా భాష ఉచ్చారణ మీద పరిశోధన. ఈ కష్టకాలంలో విశ్వవిద్యాలయం పంపిందనుకున్న డబ్బు నిజానికి మిత్రుడు హు షీ తన జేబులోంచి పంపాడని తిరిగొచ్చాక గానీ ఆయనకు తెలియలేదు. చెప్పుకోకుండా సాయం చేసిన హు షీ కూడా చైనాలో చాలా పెద్ద పేరు.

తర్వాత మూడేళ్లు పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసర్. సైనిక నాయకులు పత్రికా రచయితల్ని వేటాడుతున్న రోజులవి. 1926లో కుటుంబంతో షామెన్‌కు తప్పించుకున్నాడు. 1927లో కొన్ని నెలలు ప్రభుత్వ కొలువు చేసి, రాజకీయం తనకు పడదని తేల్చుకుని షాంఘై చేరాడు. ఇక్కడే మనకు కావలసిన కథ మొదలవుతుంది.

షాంఘైలో కాయ్‌మింగ్ అనే ప్రచురణ సంస్థ ఉండేది. వాళ్ల కోసం 1928 ప్రాంతంలో ఆయన మూడు భాగాల ఇంగ్లీషు వాచకం రాశాడు. ఫెంగ్ జికాయ్ అనే గొప్ప చిత్రకారుడు బొమ్మలు వేశాడు. ఆండర్సన్ కథలు, గ్రీకు పురాణ కథలు, ఇంట్లో మాట్లాడుకునే మాటలు, అన్నీ అందులో పెట్టాడు. అంతవరకు చైనా బడుల్లో ఇంగ్లీషంటే వ్యాకరణ సూత్రం, మాటకు మాట అర్థం, బట్టీ. యూటాంగ్ పద్ధతి వేరు. ఒంటరి మాట నేర్చుకోవద్దు, మాట వాక్యంలో ఎలా కూర్చుంటుందో నేర్చుకో అన్నాడు. చెవితో విను, నోటితో పైకి చదువు, ఒకే పేజీని నాలుక తిరిగేదాకా చదువు, మంచి వాక్యాన్ని అలాగే అనుకరించు. ఆయన మెచ్చుకున్న నిఘంటువు ఫౌలర్ అన్నదమ్ములు తయారుచేసిన ఆక్స్‌ఫర్డ్ చిన్న డిక్షనరీ. ప్రయాణాల్లో పెట్టెలో వెంట పెట్టుకునేవాడు. అది అర్థం చెప్పి ఊరుకోకుండా మాట ఏ మాటతో జత కడుతుందో చూపిస్తుందని ఆయనకు ఇష్టం.

ఇది ఎందుకు అంత ముఖ్యమో క్రియాపదాల దగ్గర చూస్తే తెలుస్తుంది. ఉదాహరణలు నావి. చైనీసులో 'కాయ్' అని ఒక క్రియ ఉంది. నిఘంటువు తెరిస్తే ఇంగ్లీషులో 'ఓపెన్' అని మొదటి అర్థం. తలుపు తెరవడం 'కాయ్'. బాగుంది. కానీ లైటు వేయడం కూడా 'కాయ్'. కారు నడపడం 'కాయ్', మీటింగు పెట్టడం 'కాయ్', పువ్వు పూయడం 'కాయ్', నీళ్లు మరగడం కూడా 'కాయ్'. అందుకని చైనా పిల్లవాడు లైటు వెయ్యమనడానికి 'ఓపెన్ ది లైట్' అంటాడు. ఇంగ్లీషువాడికి లైటు విప్పమన్నట్టు వినబడుతుంది. అక్కడ 'టర్న్ ఆన్' కావాలి. కారుకు 'డ్రైవ్', మీటింగుకు 'హోల్డ్', పువ్వుకు 'బ్లూమ్', నీళ్లకు 'బాయిల్' కావాలి. 'ఓపెన్' అంటే 'కాయ్' అని బట్టీ పట్టిన పిల్లవాడు ఆరు చోట్ల వాడబోయి ఐదు చోట్ల దెబ్బతింటాడు.

నవ్వకండి. మన 'వేయు' సంగతి చూడండి. లైటు వేస్తే వెలుగుతుంది, తలుపు వేస్తే మూసుకుంటుంది! ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, మందు వేస్తాం, కేక వేస్తాం, చొక్కా వేసుకుంటాం. అందుకే మన హాస్టళ్లలో 'పుట్ ది లైట్', 'పుట్ ది ఫ్యాన్' అన్న మాటలు రాత్రి తొమ్మిదింటికి రోజూ వినబడతాయి. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. పిల్లవాడు తన భాషలో ఉన్న క్రియను నమ్ముకుని నడుస్తున్నాడు, అంతే. ఆ సంగతి తెలియని మాస్టరు ఎర్ర పెన్నుతో కొట్టేసి సున్నా వేస్తాడు. తెలిసిన మాస్టరు రెండు క్రియల్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు.

ఇంకొకటి. చైనీసు క్రియకు కాలం లేదు. అంటే రూపం మారదు. నిన్న నేను పట్నం వెళ్లు, రేపు నేను పట్నం వెళ్లు, ఆయన రోజూ పట్నం వెళ్లు - ఇలా ఉంటుంది. నిన్న, రేపు అన్న మాటలే కాలం చెబుతాయి. పని అయిపోయిందని చెప్పడానికి 'ల' అని ఒక చిన్న మాట చేరుస్తారు. అలాంటి పిల్లవాడికి 'గో, గోస్, వెంట్, గాన్' అని నాలుగు రూపాలు ఎందుకో అర్థం కాదు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. వెళ్లాను, వెళ్తాను, వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు అని మనిషిని బట్టీ కాలాన్ని బట్టీ క్రియను మార్చడం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ఇంగ్లీషు మార్పులు మనదాంట్లో పదో వంతు కూడా ఉండవు. అయినా భయపడతాం!

'హ్యావ్' దగ్గర మాత్రం ఇద్దరమూ ఒక గూటి పక్షులమే. చైనీసులో 'యౌ' అన్న ఒక్క క్రియే గోడ మీద బొమ్మ ఉందనడానికీ, నా దగ్గర పుస్తకం ఉందనడానికీ పనికొస్తుంది. దాంతో వాళ్లు 'దేర్ హ్యావ్ ఎ పిక్చర్' అని రాస్తారు. మనకు కూడా రెంటికీ 'ఉంది' ఒక్కటే. మనవాడు ఇంకో వైపు జారి, నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారనడానికి 'టూ బ్రదర్స్ ఆర్ దేర్ టు మీ' అంటాడు. గుంట ఒకటే, పడే వైపు వేరు. 'సజెస్ట్' అయితే ఇద్దరూ ఒకే వైపు పడతాం. 'హీ సజెస్టెడ్ మీ టు గో' అని వాళ్లూ రాస్తారు, మనమూ రాస్తాం. 'అడ్వైజ్' అయితే ఆ వాక్యం నడుస్తుంది. 'సజెస్ట్' వెనకాల అలా మనిషిని నిలబెట్టకూడదు, 'హీ సజెస్టెడ్ దట్ ఐ గో' అనాలి. రెండు క్రియలకూ అర్థం దాదాపు ఒకటే, కూర్చునే తీరు వేరు. అర్థం ఒక్కటే నేర్చుకున్నవాడికి ఈ తేడా ఏ జన్మకూ తెలియదు.

వాచకాల తర్వాత 1930ల తొలినాళ్లలో వచ్చిన ఆయన ఇంగ్లీషు వ్యాకరణం ఈ ఆలోచనతోనే నడుస్తుంది. మామూలు వ్యాకరణాలు నామవాచకం, సర్వనామం, క్రియ అని వరసగా పోతాయి. ఆయన పుస్తకం మనిషి మనసులోంచి మొదలవుతుంది. పోల్చి చెప్పాలంటే ఎలా, ఎంతో చెప్పాలంటే ఎలా, పని ఎప్పుడు జరిగిందో చెప్పాలంటే ఎలా, ఊహించి చెప్పాలంటే ఎలా. చెప్పదలచుకున్న భావం ముందు, దానికి ఇంగ్లీషులో దొరికే రూపాలు తర్వాత. డెన్మార్క్ పండితుడు యెస్పర్సన్, ఫ్రాన్స్ పండితుడు బ్రూనో చూపిన దారి అది. దాన్ని చైనా పిల్లలకు తగ్గట్టు మలిచింది యూటాంగ్. గమ్మత్తేమిటంటే ఆ ప్రచురణ సంస్థ పేరు 'కాయ్‌మింగ్'లో ఉన్నది కూడా మనం పైన చెప్పుకున్న ఆ 'కాయ్' క్రియే. తెరుచుకుని వెలుగు రావడం, అంటే జ్ఞానోదయం.

ఆ వాచకాలు దేశమంతటా బడుల్లోకి వెళ్లాయి. రాయల్టీ ఎంత వచ్చిందంటే, ఆయనకు రాయల్టీ రాజు అని పేరు పడింది. పోటీ సంస్థ ఒకటి ఇలాంటి వాచకమే తెస్తే తన పుస్తకంలోంచి ఎత్తుకొచ్చారని పెద్ద గొడవ నడిచింది, పేపర్లలో ప్రకటనల యుద్ధమే జరిగింది. చివరికి యూటాంగ్ వైపే గెలిచింది.

1932లో హాస్యానికి ఒక పత్రిక పెట్టాడు. ఇంగ్లీషు 'హ్యూమర్' అన్న మాటను 'యౌమో' అని చైనీసులోకి తెచ్చింది ఆయనే. 1924లో తెచ్చిన ఆ మాట ఇప్పుడు చైనావాళ్లందరి నోటా ఉంది. దేశం తగలబడుతుంటే నవ్వులేమిటని లూ షున్ వంటి పెద్ద రచయితలు విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. జపాన్ సైన్యం మీదికొస్తున్న రోజులవి. కానీ భయపెట్టే పాలకుల కింద నవ్వడం కూడా ఒక మాట చెప్పడమేనని ఆయన పక్షాన వాదించవచ్చు.

1935లో ఇంగ్లీషులో చైనా దేశం మీదా జనం మీదా రాసిన పుస్తకం ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. రాయించింది నోబెల్ బహుమతి పొందిన పెర్ల్ బక్, వేసింది ఆమె భర్త. 1936లో కుటుంబంతో అమెరికా వెళ్లాడు. 1937లో వచ్చిన జీవన కళ పుస్తకం అక్కడ లక్షల్లో అమ్ముడైంది. 1942లో చైనా, భారతదేశాల జ్ఞానాన్ని కలిపి పెద్ద సంకలనం తెచ్చాడు. అందులో మన ఋగ్వేదం, ఉపనిషత్తులు, భగవద్గీత, రామాయణం, పంచతంత్రం, బుద్ధుని ధమ్మపదం ఉన్నాయి. నోబెల్ సాహిత్య బహుమతికి 1940లో ఒకసారి, 1950లో ఒకసారి ఆయన పేరు ప్రతిపాదించారు. బహుమతి రాలేదు.

ఇంత సంపాదించిన మనిషి ఒక యంత్రం కోసం అంతా పోగొట్టుకున్నాడు. చైనీసుకు మనలా అక్షరమాల లేదు, వేల గుర్తులు ఉన్నాయి. అన్ని మీటలున్న టైపు మిషను ఎవరు చేయగలరు? యూటాంగ్ యువకుడిగా ఉన్నప్పటినుంచీ ఆ గుర్తుల్ని వరసలో పెట్టే పద్ధతి కోసం ఆలోచిస్తూనే ఉన్నాడు. 1947లో 72 మీటలతో మిషను తయారైంది. గుర్తు పైభాగానికి ఒక మీట, కింది భాగానికి ఒక మీట నొక్కితే చిన్న కిటికీలో ఎనిమిది దాకా గుర్తులు కనబడతాయి. కావలసినదాని నంబరు నొక్కితే అచ్చవుతుంది. ఇవాళ సెల్‌ఫోన్లో మనం రెండక్షరాలు కొట్టగానే పైన మాటలు వస్తాయే, ఆ ఉపాయమే! దాని మీద ఆయన పెట్టిన ఖర్చు సుమారు 1,20,000 డాలర్లు. అప్పులపాలయ్యాడు. అప్పు అడిగితే పెర్ల్ బక్ దంపతులు లేదన్నారు, ఆ స్నేహమూ చెడింది. రెమింగ్టన్ కంపెనీ పెద్దల ముందు రెండో కూతురు తైయీ మీటలు నొక్కితే మిషను కదల్లేదు. మర్నాటికి బాగుచేసి విలేఖరులకు చూపించారు. బాగుందని అందరూ అన్నారు. చైనాలో అంతర్యుద్ధం నడుస్తుండడంతో తయారుచేయడానికి మాత్రం ఎవరూ సాహసించలేదు. మెర్గంథేలర్ లైనోటైప్ కంపెనీ హక్కులు కొని పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత కొంతకాలం పారిస్‌లో యునెస్కో ఉద్యోగం, 1954-55లో సింగపూర్‌లో కొత్త విశ్వవిద్యాలయానికి అధిపతి పదవి. అది గొడవల మధ్య ఆరు నెలల్లోనే ముగిసింది. 1966లో తైవాన్‌లోని తైపేయ్ దగ్గర యాంగ్‌మింగ్ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. డెబ్బై దాటాయి. అందరూ విశ్రాంతి అనుకునే ఆ వయసులో తన అతిపెద్ద పని మొదలుపెట్టాడు. అది చైనీసు నుంచి ఇంగ్లీషుకు నిఘంటువు. నిజానికి 1930ల్లోనే చైనీసు నిఘంటువు ఒకటి తయారుచేయించాడు. రాతప్రతులు చాలావరకు 1937 యుద్ధంలో పోయాయి. తన వెంట అమెరికా తీసుకెళ్లిన కొన్ని సంపుటాలే మిగిలాయి.

ఈసారి హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయం అండగా నిలిచింది. ఆయన రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చుని, సహాయకులు తెచ్చిన ఒక్కొక్క మాటకూ ఇంగ్లీషు తన చేత్తోనే రాసేవాడు. ఒక మాటకు ఒక అర్థం అతికించి వదలడం ఆయనకు సరిపడదు. ఏ మాటతో కలిస్తే ఏ అర్థమో, మాట్లాడే భాషలో ఎలాగో, పుస్తకాల భాషలో ఎలాగో విడివిడిగా చూపించాలి. 'కాయ్' ఎన్ని చోట్ల ఎన్ని అవతారాలు ఎత్తుతుందో అన్నీ చెప్పాలి. పని సాగుతుండగానే 1971లో పెద్ద కూతురు చనిపోయింది. ఆ దెబ్బకు తల్లిదండ్రులిద్దరూ కుంగిపోయారు. ఆయన ఆరోగ్యమూ దెబ్బతింది. పని మాత్రం ఆపలేదు. 1972లో 1,700 పేజీలకు పైబడిన ఆ నిఘంటువు అచ్చయి వచ్చింది. అప్పుడాయన వయసు 77. గుర్తుల్ని వెతుక్కోవడానికి అందులో వాడింది, టైపు మిషను కోసం తాను కనిపెట్టిన పద్ధతినే మెరుగుపరచిన పద్ధతి. డబ్బంతా మింగిన ఆ మిషను ఇలా ఒక పనికి వచ్చింది.

1976 మార్చి 26న హాంకాంగ్‌లో లిన్ యూటాంగ్ కన్నుమూశారు. యాంగ్‌మింగ్ కొండ మీద తన ఇంటి తోటలోనే సమాధి చేశారు. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన స్మారక భవనం. ఆయన పుస్తకాలు, రాతబల్ల, సామాన్లు అక్కడ చూడవచ్చు.

ఇక ఆ టైపు మిషను. తయారైంది ఒకే ఒక్కటి. లోకం దాన్ని మరచిపోయింది, పోయిందనే అందరూ అనుకున్నారు. 2025 జనవరిలో అమెరికాలోని న్యూయార్క్ దగ్గర ఒక ఇంటివాళ్లు నేలమాళిగ సర్దుతుంటే, చైనీసు గుర్తులున్న బరువైన పాత మిషను ఒకటి బయటపడింది. అదేమిటో వాళ్లకు తెలియలేదు, తెలిసినవాళ్లను అడిగారు. అదే యూటాంగ్ మిషను. ఇప్పుడది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉంది.